ఫుట్‌బాల్ జట్టంటే అంత పిచ్చి ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫుట్‌బాల్ చూసేవాళ్ల పక్కన బతికేవాళ్లూ, కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్లూ నన్ను తిప్పి తిప్పి ఇవే అడుగుతుంటారు. ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఏదో నేరుగా దాని దగ్గరికే వెళ్లండి. నేనూ ఇరవై ఏళ్లకు పైగా ఒకే జట్టును పట్టుకుని వేలాడుతున్నవాణ్ణే. ఆ జట్టు పేరు మాత్రం చెప్పను. చెబితే సగం మంది ఇక్కడే చదవడం ఆపేస్తారు.

## బయటి నుంచి చూసేవాళ్ల ప్రశ్నలు

22 మంది ఒక బంతి వెనకాల పరిగెడితే దానికింత గోల దేనికి?

గోల్ తక్కువ కాబట్టే గోల ఎక్కువ. మామూలు మ్యాచ్‌లో రెండు జట్లూ కలిపి వేసేవి రెండో మూడో గోల్స్. ఒక్కోసారి అదీ ఉండదు. క్రికెట్‌లో ఫోర్లూ సిక్సులూ, బాస్కెట్‌బాల్‌లో బాస్కెట్లూ పడుతూనే ఉంటాయి కాబట్టి సంతోషం విడతలుగా ఖర్చయిపోతుంది. ఫుట్‌బాల్‌లో 70 నిమిషాలు గొంతు దాకా పట్టి ఉంచుకున్నది ఒక్క క్షణంలో కట్ట తెగుతుంది. పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషిని కావలించుకునేది అందుకే.

ఇదే కారణంతో అదృష్టానికి కూడా ఈ ఆటలో చోటు ఎక్కువ. అవతలివాళ్లు ఎంత బాగా ఆడుతున్నా ఒక్క కార్నర్ (మైదానం మూల నుంచి కొట్టే కిక్), ఒక్క ఎదురుదాడి చాలు, బలహీనమైన జట్టు గెలిచేయడానికి. 1950 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్‌ను అమెరికా 1-0తో ఓడించింది. 2015-16 సీజన్ మొదట్లో లెస్టర్ సిటీ జట్టు ఇంగ్లండ్‌లోని పై లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ గెలుస్తుందని పందెం కాస్తే ఒకటికి 5000 ఇస్తామన్నారు బుకీలు. గెలిచింది ఆ జట్టే. ఇలాంటివి ఎప్పుడో కానీ జరగవు. కానీ ఆ ఒక్కదాన్ని చూసి మిగతా జట్ల ఫ్యాన్లు ఇరవై ఏళ్లు ఆశతో బతికేస్తారు.

"మనం గెలిచాం" అంటారేంటి? ఆడింది వాళ్లు కదా?

తెలుగులో ఈ ప్రశ్న ఇంకా రంజుగా ఉంటుంది, ఎందుకంటే మనకు 'మనం', 'మేం' అని రెండు మాటలున్నాయి. సాటి ఫ్యాన్‌తో "మనం గెలిచాం" అంటారు. అవతలి జట్టు మనిషితో "మేం గెలిచాం" అంటారు. ఏ మాటైనా సరే, అన్నవాడు అందులో ఉంటాడు. ఓడిన రోజున మాత్రం మాట మారుతుంది: "వాళ్లు సరిగ్గా ఆడలేదు."

ఇది మన ఒక్కరి చమత్కారం కాదు. రాబర్ట్ చాల్డీని అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం 1976లో దీని మీద ఒక పరిశోధన ప్రచురించారు. అక్కడి యూనివర్సిటీల జట్లు గెలిచిన తర్వాతి సోమవారం, విద్యార్థులు తమ యూనివర్సిటీ పేరున్న బట్టలు ఎక్కువగా వేసుకొచ్చారు. మ్యాచ్ గురించి అడిగితే గెలిచినప్పుడు 'మేం' అనీ, ఓడినప్పుడు 'వాళ్లు' అనీ అన్నారు. వాళ్లది అమెరికన్ ఫుట్‌బాల్, ఆట వేరు. మనుషుల బుద్ధి మాత్రం ఒకటే.

నేను మాత్రం ఒక తేడా చూస్తాను. ఓడిన రోజున కూడా "మనం ఓడిపోయాం" అనేవాడు కనిపిస్తే, వాడు ఇక ఆ జట్టును వదలడని అర్థం.

వాళ్లు గెలిస్తే వీళ్లకేం ఒరుగుతుంది?

చేతికొచ్చేది సున్నా. ఒంట్లో మాత్రం ఏదో జరుగుతుంది. 1994 ప్రపంచకప్ ఫైనల్‌లో ఇటలీని బ్రెజిల్ పెనాల్టీల్లో ఓడించినప్పుడు, టీవీలో చూస్తున్న కొందరు ఫ్యాన్ల లాలాజలం తీసుకుని పరీక్షించారు. బ్రెజిల్ ఫ్యాన్లలో టెస్టోస్టెరాన్ పెరిగింది, ఇటలీ ఫ్యాన్లలో తగ్గింది. పరీక్షించింది కొద్దిమందినే కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోకండి. కానీ కూర్చున్న చోటు నుంచి కదలని మనిషి ఒళ్లు కూడా తానే ఆడినట్టు స్పందించడం విచిత్రమే.

ఇది ఒక మతంలాంటిదేనా?

పైకి అలాగే ఉంటుంది: వారం వారం గుమిగూడటం, పాటలు, రంగులు, దూరాభారాలు లెక్కచేయని ప్రయాణాలు. లోపల తేడా ఉంది. ఈ భక్తుడు తన దేవుణ్ణి మ్యాచ్ నడుస్తుండగానే నోటికొచ్చినట్టు తిట్టగలడు.

ఇదంతా మగవాళ్ల వ్యవహారం కదా?

కాదు, అలా చేశారు. 1920 డిసెంబర్‌లో లివర్‌పూల్ నగరంలోని గుడిసన్ పార్క్‌లో జరిగిన మహిళల మ్యాచ్‌కు 53 వేల మంది వచ్చారు. మరుసటి ఏడాదే, 1921 డిసెంబర్ 5న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లు ఆడకూడదని నిషేధం పెట్టింది. దాన్ని ఎత్తేయడానికి 50 ఏళ్లు పట్టింది. తోవ తెరిచాక జనం మళ్లీ వచ్చారు. 2022 మార్చిలో బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ మహిళల జట్లు తలపడిన మ్యాచ్‌కు బార్సిలోనా మైదానం క్యాంప్ నౌలో 91,553 మంది కూర్చున్నారు.

## జట్టు దొరికే దశ

ఇన్ని జట్లున్నాయి, వీళ్లు ఒకదాన్ని ఎలా ఎంచుకుంటారు?

చాలామంది అసలు ఎంచుకోరు. జట్టే అంటుకుంటుంది. నాన్నో, మేనమామో, పక్కింటి అక్కో చూస్తుంటే పక్కన కూర్చుంటారు. ఆట అర్థం కాకముందే ఆ మనిషి ఆనందం అర్థమవుతుంది. ఏ ఫ్యాన్‌నైనా మొదటి మ్యాచ్ గురించి అడిగి చూడండి. స్కోరు తప్పు చెప్పొచ్చు కానీ ఎవరి పక్కన కూర్చున్నారో తప్పు చెప్పరు. జట్టు మీద ప్రేమ అని మనం అనుకునేదాంట్లో సగం పైగా ఆ పక్కన కూర్చున్న మనిషి మీద ప్రేమేనని నా నమ్మకం.

క్లబ్బుల పుట్టుక చూసినా ఇదే కనిపిస్తుంది. మాంచెస్టర్ యునైటెడ్ 1878లో న్యూటన్ హీత్ రైల్వే కార్మికులు పెట్టుకున్న జట్టు. ఆర్సెనల్‌ను 1886లో వులిచ్ ఆయుధ కర్మాగారం పనివాళ్లు మొదలుపెట్టారు. వెస్ట్‌హామ్ 1895లో థేమ్స్ ఒడ్డున ఓడలు కట్టే కార్ఖానాలో పుట్టింది. ఆ జట్టు చిహ్నంలో రెండు సుత్తులు ఇప్పటికీ ఉన్నాయి. గ్లాస్గోలో సెల్టిక్‌ను 1887లో స్థాపించింది ఐర్లండ్ నుంచి వలస వచ్చిన పేదలకు అన్నం పెట్టడానికి డబ్బు పోగు చేద్దామని. జర్మనీలో షాల్కే బొగ్గు గని కార్మికుల జట్టు. ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే దారిని గని సొరంగంలా కట్టుకున్నారు అక్కడ.

వారమంతా కలిసి పనిచేసినవాళ్లు శనివారం మధ్యాహ్నం సెలవు దొరగ్గానే కలిసి ఆడారు, చూశారు. తర్వాత కార్ఖానాలు మూతపడ్డాయి, గనులు మూసేశారు, ఇళ్లు మారాయి. ఆ మనుషులంతా ఒకచోట కలవడానికి మిగిలిన సాకు జట్టు ఒక్కటే.

వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న జట్టు మీద ప్రేమ నిజమైనదేనా?

నిజమైనదే, కాకపోతే రకం వేరు. బంగ్లాదేశ్‌లో అర్జెంటీనా ఫ్యాన్లను చూడండి. 1986లో మారడోనా ఆట చూసి పట్టుకున్న పిచ్చి తరాలు దాటింది. 2022 ప్రపంచకప్‌లో అక్కడి జనం చేసిన హడావుడి అర్జెంటీనా దాకా వెళ్లింది. 1978లో మూసేసిన ఢాకా దౌత్య కార్యాలయాన్ని అర్జెంటీనా 2023 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచింది. అదే ప్రపంచకప్‌కు ముందు కేరళలోని పుల్లావూరులో ఏటి మధ్య మెస్సీ కటౌట్ పెడితే, పోటీగా దానికంటే ఎత్తైన నేమార్ కటౌట్ లేచింది, ఆ తర్వాత రొనాల్డోది.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. వానలో తడుస్తూ, టికెట్టుకు డబ్బు పోసి, ఓడిపోయి, ఆఖరి బస్సు పట్టుకుని ఇల్లు చేరేవాడికి ఉన్న హక్కు టీవీ ముందు కూర్చున్న నాకు లేదు. దూరం ఫ్యాన్లు అర్ధరాత్రి నిద్ర చెడగొట్టుకుంటారు, నిజమే. దానికీ దీనికీ సమానం కట్టను.

గెలిచే జట్టునే పట్టుకుంటే హాయి కదా?

హాయే. కానీ రోజూ తినే స్వీటు ఎన్నాళ్లు తియ్యగా ఉంటుంది? నేపుల్స్ నగరం జట్టు నాపోలి 1987లో మొదటిసారి ఇటలీ లీగ్ గెలిచింది. ఉత్తరాది సంపన్న క్లబ్బుల ముందు చిన్నచూపుకు అలవాటుపడ్డ నగరం అది. ఆ రాత్రి ఎవరో శ్మశానం గోడ మీద చనిపోయినవాళ్లను ఉద్దేశించి "మీరేం పోగొట్టుకున్నారో మీకు తెలీదు" అని రాశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏటా కప్పు గెలిచే ఊళ్లో ఎవరికీ అలాంటి మాట రాయాలనిపించదు. 1990లో రెండోసారి గెలిచాక నాపోలి మళ్లీ 33 ఏళ్లు ఆగింది.

ఒక ఆటగాడి కోసం చూడటం మొదలుపెట్టాను. నన్ను ఫ్యాన్ అనుకోవచ్చా?

అనుకోండి. అసలు పరీక్ష ఆ ఆటగాడు వెళ్లిపోయిన రోజున వస్తుంది. 2021లో మెస్సీ బార్సిలోనా వదిలి ప్యారిస్ వెళ్లినప్పుడు కొందరు ఆయన వెంటే వెళ్లారు, 2023లో మయామీకి కూడా. కొందరు బార్సిలోనా దగ్గరే ఉండిపోయి, తాము ఇష్టపడింది ఆ రంగులనని అప్పుడు తెలుసుకున్నారు. రెండూ తప్పు కాదు.

మధ్యలో జట్టు మారితే ఏమవుతుంది?

చట్టం ఏమీ లేదు. మనుషులు ఉద్యోగం మారతారు, పార్టీ మారతారు, ఊరు మారతారు. జట్టు మాత్రం మారరు. కారణం లెక్క తెగకపోవడమే. పదేళ్లు ఓటములు మింగినవాడికి ఆ జట్టు బాకీ పడి ఉంటుంది. ఇప్పుడు వదిలేస్తే ఆ బాకీ వసూలు కాదు. రేపు వాళ్లు గెలిస్తే ఆ సంతోషంలో వాటా అడగడానికి మొహం ఉండదు.

ఆటగాడు మారినా క్షమించరు, ముఖ్యంగా బద్ధ శత్రువు దగ్గరికి వెళితే. లూయీస్ ఫీగో 2000లో బార్సిలోనా నుంచి రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడు. 2002లో క్యాంప్ నౌలో ఆడటానికి వచ్చినప్పుడు మైదానంలోకి వచ్చి పడిన వస్తువుల్లో ఒక పంది తల కూడా ఉంది. పిల్లలకు మాత్రం మినహాయింపు ఉండాలని నా వాదన. పదేళ్ల లోపు ఎన్నిసార్లయినా మారొచ్చు.

## బాగా మునిగాక వచ్చే ప్రశ్నలు

మ్యాచ్ రోజున గుండె దడ, చేతులు చల్లబడటం మామూలేనా?

టెన్షన్ మామూలే. కానీ గుండె జబ్బు ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2006 ప్రపంచకప్ జర్మనీలో జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతంలోని కేసులను వైద్యులు లెక్కపెట్టారు. జర్మనీ ఆడిన రోజుల్లో గుండెకు సంబంధించిన అత్యవసర కేసులు మామూలు రోజులతో పోలిస్తే 2.66 రెట్లు ఉన్నాయి. ముందే గుండె జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. మందులు మానకండి, మధ్యలో లేచి నాలుగడుగులు వేయండి. ఛాతీలో నొప్పి వస్తే ఆఖరి విజిల్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

నేను సోఫాలో చోటు మారితే గోల్ పడుతుందని గట్టి నమ్మకం. ఇది పిచ్చేనా?

పిచ్చే, కానీ మీరు ఒంటరి కాదు. మన చేతిలో లేని దాని మీద ఎంత ఎక్కువ ఆశ పెట్టుకుంటే, ఏదో ఒకటి చేస్తున్నామన్న భ్రమ అంత అవసరమవుతుంది. ఆటగాళ్లే దీనికి అతీతులు కారు. 1998 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ డిఫెండర్ లారెంట్ బ్లాంక్ ప్రతి మ్యాచ్‌కు ముందు గోల్‌కీపర్ బార్తెజ్ బట్టతలకు ముద్దు పెట్టేవాడు. ఫ్రాన్స్ కప్పు గెలిచింది. ఇక ఎవరికి ఏం నచ్చజెబుతాం? నా మటుకు నాకు ఒక చొక్కా ఉంది. అది ఎన్నాళ్లకోసారి ఉతుకుతానో అడగొద్దు.

స్టేడియంలో అరిస్తే ఫలితం మారుతుందా?

కొంత మారుతుంది. 2020లో కరోనా వల్ల ఖాళీ స్టేడియాల్లో మ్యాచ్‌లు ఆడించినప్పుడు ఈ సంగతి తేలింది. ఎవరూ కావాలని చేయలేని ప్రయోగం అది. సొంత మైదానంలో ఆడే జట్టుకు మామూలుగా ఉండే లాభం తగ్గింది. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది రిఫరీల సంగతి. జనం ఉన్నప్పుడు బయటి నుంచి వచ్చిన జట్టుకు ఎక్కువ ఫౌళ్లు, కార్డులు ఇచ్చే అలవాటు, జనం లేకపోయేసరికి చాలావరకు పోయింది. అంటే మీ అరుపు ఆటగాడి కాళ్లకంటే రిఫరీ చెవుల మీదే ఎక్కువ పనిచేస్తుందన్నమాట.

అందరూ కలిసి పాడుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఎందుకలా?

ఒకే లయలో ఒకే మాట పలికితే పక్కవాడు పరాయివాడని అనిపించడు. భజన చేసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. జర్మనీలో డార్ట్‌మండ్ స్టేడియంలో ఒక్క దక్షిణం వైపు స్టాండ్‌లోనే దాదాపు 25 వేల మంది నిలబడి పాడతారు. యూనియన్ బెర్లిన్ అనే క్లబ్బులో 2003 క్రిస్మస్ ముందు 89 మంది ఫ్యాన్లు రాత్రిపూట చప్పుడు కాకుండా స్టేడియంలోకి దూరి పాటలు పాడారు. జట్టు ఘోరంగా ఆడుతున్న సీజన్ అది. ఇప్పుడు ఏటా ఆ పాటలకే వేల మందితో స్టేడియం నిండిపోతుంది. ఆ రోజు మ్యాచ్ కూడా ఉండదు.

## ఓటమి దగ్గర

ఓడిపోతే ఇంత బాధా? ఆట అంటే గెలుపోటములు ఉంటాయి కదా?

ఈ ముక్క మ్యాచ్ అయిన గంటలోపు ఎవరితోనూ అనకండి.

గెలిచిన సంతోషం కంటే ఓడిన బాధ బరువెక్కువ, ఎక్కువసేపు ఉంటుంది. జట్టును 'నేను'లో భాగం చేసుకున్నవాడికి ఓటమి అంటే బయట ఎక్కడో జరిగింది కాదు. దేశం మొత్తం అలా చేసుకుంటే ఎలా ఉంటుందో బ్రెజిల్ 1950 జులై 16న చూపించింది. ప్రపంచకప్ ఆఖరి మ్యాచ్, సొంత దేశంలోని మరకానా స్టేడియంలో దాదాపు 2 లక్షల మంది. కప్పు రావడానికి డ్రా చాలు. గోల్ కూడా ముందు బ్రెజిలే వేసింది. చివరికి ఉరుగ్వే 2-1తో గెలిచింది. ఆ రోజు వేసుకున్న తెల్ల జెర్సీనే అచ్చిరాలేదని పక్కన పెట్టేశారు. కొత్త జెర్సీ కోసం పోటీ పెట్టారు. ప్రపంచమంతా ఎరిగిన ఆ పసుపు జెర్సీ అలా వచ్చింది. గోల్‌కీపర్ మొయాసిర్ బార్బోసా మాత్రం 2000లో చనిపోయేదాకా ఆ రెండో గోల్ నింద మోశాడు. జట్టుకు బట్టలు మార్చుకునే వీలు దొరికింది, అతనికి దొరకలేదు.

మామూలు లీగ్ మ్యాచ్ బాధ ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. వారాల తరబడి నిద్ర, తిండి చెడుతుంటే అది ఫుట్‌బాల్ ఒక్కటే కాదు, ఇంకేదో ఉందని అనుమానించి డాక్టర్‌ను కలవడం మంచిది.

ఎప్పుడూ ఓడిపోయే జట్టును ఎందుకు వదలరు?

నన్ను అందరూ అడిగేదీ, నాకు చెప్పడం ఇష్టమైనదీ ఈ ప్రశ్నే.

ఇంగ్లండ్‌లో సండర్లాండ్ వరసగా రెండేళ్లలో రెండు మెట్లు జారి 2018లో మూడో డివిజన్‌కు పడింది. వ్యాపారమైతే ఖాతాదారులు పారిపోవాలి. ఆ డిసెంబర్ 26న మూడో డివిజన్ మ్యాచ్‌కు 46,039 మంది వచ్చారు. సరుకు కొనేవాడు ఒక్కడూ ఇలా చేయడు. సరుకు పాడైతే ఇంకో కొట్టుకు పోతాడు. ఇంట్లో మనిషికి జబ్బు చేస్తే ఇంకో ఇంటికి పోడు కదా.

రెండో సంగతి, కష్టం కలిసి పడినవాళ్ల మధ్య ముడి గట్టిది. గెలుపు పండక్కి అందరూ వస్తారు. 0-5తో ఓడిన రోజున ఎవరున్నారో వాళ్ల మధ్యే ఒక గుర్తింపు ఉంటుంది, పైకి చెప్పుకోని గర్వం కూడా.

మూడోది లీగ్ పద్ధతి. ఏటా పట్టిక మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కింది డివిజన్‌లో ఉన్నా పైకి ఎక్కే దారి తెరిచే ఉంటుంది. యూనియన్ బెర్లిన్ డబ్బు లేక స్టేడియం బాగుచేసుకోలేకపోతే, 2008-09లో 2 వేల మందికి పైగా ఫ్యాన్లు దాదాపు 1 లక్ష 40 వేల గంటలు జీతం లేకుండా పనిచేసి కట్టుకున్నారు. 2019లో ఆ జట్టు మొదటిసారి పై లీగ్‌కు చేరింది. తొలి మ్యాచ్ రోజున వందల మంది తమవాళ్ల ఫొటోలు పైకెత్తి పట్టుకున్నారు. అన్నాళ్లూ జట్టు వెంట తిరిగి, ఈ రోజు చూడకుండానే చనిపోయినవాళ్ల ఫొటోలు అవి. ఆ మ్యాచ్ 0-4తో ఓడిపోయారు.

## ప్రత్యర్థులు, పగలు

ఎక్కడో ఉన్న జట్టును వదిలేసి పక్కవీధి జట్టంటేనే మంట ఎందుకు?

దాయాదుల పోరు కాబట్టి. ఇది ఉత్త పోలిక కాదు, కొన్ని జట్లు నిజంగానే తగాదా పడి విడిపోయినవి. లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో మొదట ఆడింది ఎవర్టన్. 1892లో అద్దె దగ్గర గొడవొచ్చి ఎవర్టన్ లేచి గుడిసన్ పార్క్‌కు వెళ్లిపోయింది. మైదానం ఖాళీగా మిగిలిన పెద్దమనిషి జాన్ హౌల్డింగ్ కొత్త జట్టు పెట్టాడు. అదే లివర్‌పూల్. ఇటలీలో విదేశీ ఆటగాళ్లను తీసుకోవాలా వద్దా అన్న తగువులో 1908లో మిలాన్ జట్టు నుంచి చీలి ఇంటర్ జట్టు పుట్టింది. అర్జెంటీనాలో బోకా, రివర్ జట్లు రెండూ ఒకే పేటలో పుట్టి, రివర్ తర్వాత వేరే చోటికి వెళ్లింది.

దూరపు జట్టు చేతిలో ఓడితే మర్నాడు ఎదురుపడేవాడు ఎవడూ ఉండడు. పక్కవీధి జట్టు చేతిలో ఓడితే పొద్దున్నే ఆఫీసులో నవ్వుతూ నిలబడి ఉంటాడు.

ఏ తగాదా లేకుండా కూడా 'మనవాళ్లు, వాళ్లు' అనే భావన ఎలా పుడుతుంది?

చాలా తేలిగ్గా. హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లో ప్రచురించిన ప్రయోగాల్లో బ్రిస్టల్ బడిపిల్లలను గుంపులుగా చేశాడు. క్లీ, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల్లో ఎవరి బొమ్మలు నచ్చాయన్న దాన్ని బట్టి విడదీసినట్టు పిల్లలకు చెప్పారు, నిజానికి ఇష్టమొచ్చినట్టు పంచారు. గుంపులో ఇంకెవరున్నారో కూడా పిల్లలకు తెలియదు. అయినా డబ్బు పంచమంటే తన గుంపువాడికి ఎక్కువ వేశారు.

ఆ గీత మళ్లీ చెరపడం కూడా వీలే. లాంకాస్టర్ యూనివర్సిటీలో మార్క్ లెవీన్ బృందం ఇంకో ప్రయోగం చేసింది. మాంచెస్టర్ యునైటెడ్ ఫ్యాన్ల ఎదురుగా ఒకడు పరిగెడుతూ జారిపడి కాలు పట్టుకుంటాడు. యునైటెడ్ జెర్సీ వేసుకుంటే సాయానికి వెళ్లారు, లివర్‌పూల్ జెర్సీ వేసుకుంటే చాలామంది పట్టించుకోలేదు. ఇంకో విడతలో, ముందుగా 'ఫుట్‌బాల్ అభిమానిగా మీ గురించి చెప్పండి' అని అడిగారు. అప్పుడు లివర్‌పూల్ జెర్సీవాడికీ సాయం అందింది. ఏ జెర్సీ లేనివాడు మాత్రం అలాగే పడి ఉన్నాడు.

అభిమానం హింస దాకా ఎందుకు వెళుతుంది?

కొన్నిసార్లు వెళ్లింది, దాచడానికేం లేదు. 1985లో బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్ ఫ్యాన్ల దాడితో తొక్కిసలాట జరిగి 39 మంది చనిపోయారు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో 16 మంది పోయారు. 1994 ప్రపంచకప్‌లో సొంత గోల్ వేసుకున్న కొలంబియా ఆటగాడు ఆండ్రెస్ ఎస్కోబార్‌ను ఊరికి తిరిగొచ్చాక కాల్చి చంపారు. గుంపులో తన పేరు పోయిందనుకున్న మనిషి, తాగుడు, ముందునుంచే ఉన్న కులమో మతమో రాజకీయమో అనే మంట, వీటికి తోడు నాసిరకం ఏర్పాట్లు, ఇవన్నీ కలిస్తే జరిగేది ఇదే.

అయితే ప్రతి చావుకూ ఫ్యాన్లను నిందించడం కూడా అన్యాయమే. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో ఇరుకు స్టాండ్లలో నలిగి 97 మంది లివర్‌పూల్ ఫ్యాన్లు చనిపోయారు. తప్పు తాగి వచ్చిన జనానిదేనని ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. 2016లో జ్యూరీ ఫ్యాన్ల తప్పేమీ లేదని, పోలీసుల వైఫల్యం ఉందని తేల్చింది. అప్పటికి 27 ఏళ్లు గడిచాయి.

## డబ్బు సంగతులు

కోట్లు గడించే కంపెనీని ఇంత అమాయకంగా ప్రేమించడమేంటి?

ఫ్యాన్‌కు కంపెనీ సంగతి తెలుసు. కానీ అతను ప్రేమించేది దాన్ని కాదు. ఏట్లో నీళ్లు మారుతూనే ఉంటాయి, ఏరు పేరు మారదు. ఆటగాళ్లు నాలుగేళ్లకు మారతారు, కోచ్ ఏడాదికి, యజమాని ఎప్పుడు అమ్ముకుంటే అప్పుడు. మొదటి నుంచీ ఉండేది చూసేవాళ్లే.

ఇది మరిచిపోయిన యజమానులకు దెబ్బలు తగిలాయి. కార్డిఫ్ సిటీ నీలం జెర్సీని 2012లో ఎరుపు చేశారు, ఫ్యాన్ల పోరుతో 2015 జనవరిలో నీలానికే తిరిగొచ్చారు. 2021 ఏప్రిల్‌లో 12 పెద్ద క్లబ్బులు తమకంటూ వేరే సూపర్ లీగ్ పెడతామని ప్రకటిస్తే, వీధుల్లోకి వచ్చిన ఫ్యాన్ల దెబ్బకు రెండు రోజుల్లోనే ఆరు ఇంగ్లండ్ క్లబ్బులూ వెనక్కి తగ్గాయి. వింబుల్డన్ క్లబ్బును 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి ఇచ్చేస్తే, మిగిలిపోయిన ఫ్యాన్లు ఒక బయలులో ఆటగాళ్లను పరీక్షించి కొత్త జట్టు కట్టుకున్నారు. తొమ్మిదో అంచె నుంచి మొదలైన ఆ ఏఎఫ్‌సీ వింబుల్డన్ 2011కల్లా నాలుగో డివిజన్‌కు ఎక్కింది, 2020లో సొంత పేట ప్లవ్ లేన్‌కు తిరిగొచ్చింది.

జర్మనీలో దీన్ని నిబంధనగానే పెట్టుకున్నారు. కొన్ని మినహాయింపులు వదిలేస్తే, క్లబ్బు ఓట్లలో సగం కంటే ఎక్కువ సభ్యుల చేతిలోనే ఉండాలి.

## ఇంట్లో ఫ్యాన్ ఉన్నవాళ్లకు

మ్యాచ్ రోజున మా ఆయన పలకడు, ఉలకడు. నేనేం చేయాలి?

పక్కన కూర్చుని ఒక్క మ్యాచ్ చూడండి. ఆఫ్‌సైడ్ ఏంటని అడగొద్దు, అది విరామంలో అడగండి. చూడాలనిపించకపోతే హాయిగా మీ పని చూసుకోండి. కానీ ప్రతి వారం పిల్లల చదువూ, ఇంటి పనీ మీ ఒక్కరి మీదే పడుతుంటే అది అభిమానం కాదు, తప్పించుకోవడం. సీజన్ పట్టిక ముందే వస్తుంది. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఏ మ్యాచ్‌లు వదులుకుంటాడో ముందే తేల్చమనండి.

మా అమ్మాయికి ఈ పిచ్చి పట్టింది. చదువు పాడవుతుందా?

అర్ధరాత్రి మ్యాచ్‌లు వరసగా చూస్తే పాడవుతుంది. మర్నాడు పొద్దున రికార్డింగ్ చూడొచ్చు, స్కోరు ముందే చెప్పేయకుండా మీరు నోరు కట్టుకోగలిగితే. మంచి సంగతి ఏంటంటే, ఈ పిల్లలకు ప్రపంచ పటంలో ఊళ్లు భలే తెలుస్తాయి.

ఓడిపోయి మొహం వేలాడేసుకున్న మనిషితో ఏమనాలి?

గంటసేపు ఏమీ అనొద్దు. తర్వాత "రిఫరీ అన్యాయం చేశాడట కదా" అనండి. నిజం కాకపోయినా ఫర్వాలేదు, మాట్లాడటం మొదలుపెడతాడు.

90 నిమిషాలే అంటాడు, రెండు గంటలైనా లేవడేంటి?

45 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో 15 నిమిషాల విరామం. దెబ్బలకూ, ఆటగాళ్ల మార్పులకూ పోయిన సమయాన్ని రిఫరీ చివర్లో కలుపుతాడు. ఈ మధ్య అది బాగా పెరిగింది. అంటే మామూలు రోజున రెండు గంటలకు కాస్త అటూ ఇటూ. ఓడినవాళ్లు ఇంటికి పోవాల్సిన నాకౌట్ మ్యాచ్ అయితే, సమానంగా ఉన్నప్పుడు ఇంకో 30 నిమిషాలు ఆడించవచ్చు. అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. ఆ రోజు భోజనం ముందే పెట్టేయండి.